పండగ నెలలో తగ్గిన తొమ్మిది కిలోలు

1974 డిసెంబరు 2, సోమవారం

ఎనభై ఆరు కిలోలు.

రేషన్ డిపోలో బియ్యం బస్తాలు తూచే కాటా మీద నిలబడ్డాను. కాటా దగ్గర ఉండే అప్పలరాముడు గుండ్లు సర్దుతూ, "భయ్యా, ఇంకో పద్నాలుగు కిలోలు తిన్నావంటే క్వింటాలు. నీకు కూడా సీలేసి గోడౌన్లో పెట్టీస్తాను" అన్నాడు. నా మీద పరాచికాలు ఆడే మగాడు ఈ దీవి మీద, బాంబూఫ్లాట్‌లో ఇంకా పుట్టలేదనుకున్నాను. పుట్టాడు, ఉద్యోగంలో కూడా చేరాడు.

పోయిన జనవరి మెడికల్‌లో డాక్టరు బాబు నా పొట్ట మీద పెన్సిలుతో కొట్టి, "జీవరాజు, అగ్లే సాల్ అస్సీ" అన్నాడు. వచ్చే ఏడాదికి ఎనభై. ఒక్క కిలో ఎక్కువైనా చాతం వెళ్ళే ఫెర్రీ బోటు నడిపే సరంగు పని పోతుంది. జెట్టీలో టికెట్ కిటికీ వెనక స్టూలు ఇస్తారు. ఇరవై రెండేళ్ళు చుక్కాని పట్టిన చేత్తో టికెట్లు చింపాలి. మెడికల్ జనవరి పదో తారీకున. దానికి ముందు డిసెంబరు. మా చర్చి సంఘంలో డిసెంబరంటే నెల పొడుగునా నమలడమే.

నెహెమ్యా బావ నన్ను బాగుచేస్తానని కంకణం కట్టుకున్నాడు. మా ఆవిడ కృపావతికి అన్న, మా బోటుకి ఇంజను డ్రైవరు, మా చర్చికి పెద్ద. మూడూ ఒకే మనిషి కావడం నా గ్రహచారం. "తిన్నదల్లా దీన్లో రాయి బావా. ఆదివారం ఆదివారం నాకు సూపించు" అని ఒక నోటుబుక్కు ఇచ్చాడు. బావ చూసే నోటుబుక్కు అది. బోట్ల ఆఫీసు పంచిన ఈ డైరీ నాది. దీన్ని ఎవడూ చూడడు.

డిసెంబరు 4

బావ తెల్లవారుజామున గేటు కొట్టి లేపాడు. కొండ దాకా నడక. అరవై రెండు కిలోల మనిషి, మేకలా ఎక్కేస్తాడు. "ఊపిరి పీల్సు! పీల్సు!" అంటాడు. పీల్చడానికి మిగిలితే కదా.

నోటుబుక్కు: రెండు చపాతీలు, ఆకుకూర.
అసలు: అవి, ఆపైన లీదియా చెల్లెమ్మ బావకి తెలియకుండా పంపిన కొబ్బరి లడ్డూలు ఐదు. బావ పెళ్ళామే నా పార్టీ.

డిసెంబరు 9

క్రిస్మస్ కేరల్స్ మొదలయ్యాయి. చీకటి పడగానే బయల్దేరి ఇంటింటికీ పాటలు. డోలు నాది. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది: పాట అయ్యాక మొదటి పళ్ళెం డోలు వాయించినవాడికే పెట్టాలి, అది ఖాళీగా వెనక్కి పోవాలి. పళ్ళెంలో ఏమైనా మిగిలితే ఆ ఇంటివాళ్ళు ఏడాదంతా గుర్తుపెట్టుకుంటారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో గాని, వాడిది కూడా డోలే అయి ఉంటుంది.

ఇవాళ ఏడిళ్ళు. ప్రతి పళ్ళెం ముందూ బావ కనుబొమ్మలు ఎగరేయడం, నేను నిస్సహాయంగా చేతులు చూపించడం.

"ఒకటి తిని మిగతాది జేబులో ఏసీయ్ బావా" అని గొణిగాడు.

"జేబులో వేస్తే వాళ్ళకి అవమానం కాదేటి బావా? పెద్దలు, మీకు తెలీనిదా."

జేబులో కూడా వేశాను, అది వేరే సంగతి.

డిసెంబరు 14

ఎనభై మూడు!

అప్పలరాముడు గుండ్లు మార్చి మార్చి రెండుసార్లు తూచాడు. మూడు కిలోలు తగ్గాను. బావ కళ్ళలో నీళ్ళు. "నడక! నాను సెప్పలే? నడక!" అని డిపో లైనులో ఉన్నవాళ్ళందరికీ చెప్పాడు.

ఈ పన్నెండు రోజుల్లో నేను తిన్న అరిసెలు వరసగా పేరిస్తే చాతం జెట్టీ నుంచి రంపపు మిల్లు గేటు దాకా వస్తాయి. ఇంతమందిని ఆటపట్టించాను గాని బరువునే ఆటపట్టించడం ఇదే మొదలు.

డిసెంబరు 17

దాహం. ఉప్పుగాలి, అరిసెల్లో నెయ్యి, డోలు శ్రమ. కుండ ఖాళీ చేస్తున్నాను. కృపావతి, "మీకోసం నుయ్యి తవ్వాల" అంది. నీళ్ళు మంచివని బావే చెప్పాడు. నోటుబుక్కులో నీళ్ళు మాత్రం నిజంగా రాశాను. చాలా సంతోషించాడు.

రాత్రి నాలుగుసార్లు లేచాను. దొడ్డి దాకా వెళ్ళి రావడం కూడా నడకే. ఆ లెక్కన బావ కంటే నేనే ఎక్కువ నడుస్తున్నాను.

డిసెంబరు 21

ఎనభై ఒకటి. బెల్టుకి కొత్త చిల్లు పొడిచాను.

చర్చిలో ముగ్గురు ఆడవాళ్ళు కృపావతిని అడిగారట, మీ ఆయనకేం పెడుతున్నావని. దానికేం చెప్పాలో తెలియక ఆకుకూర అని చెప్పిందట. ఇప్పుడు సిప్పీఘాట్ నుంచి వచ్చే తోటకూర కట్టలకి జెట్టీలో గిరాకీ పెరిగింది.

డిసెంబరు 25

రాయడానికి ఓపిక లేదు. తిన్నాను.

1975 జనవరి 1

డెబ్బై ఎనిమిది. ఎనభై కిందకి దిగిపోయాను! కాళ్ళు గుంజుతున్నాయి, అదంతా బావ కొండ పుణ్యం. కూర్చుంటే నిద్ర ముంచుకొస్తోంది, అది పండగ అలసట.

కొత్త సంవత్సరం ఆరాధనలో బావ సాక్ష్యం చెప్పాడు. "శరీరం దేవుని ఆలయం. మా బావని సూడండి. క్రమశిక్షణ ఉంటే పండగ నెలలో కూడా తగ్గొచ్చు" అన్నాడు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. నోట్లో కేకు ఉంది. నమలకుండా ఆలయంలా కూర్చున్నాను.

జనవరి 7

చాతం జెట్టీకి బోటు కొట్టుకుంది. గట్టిగా కాదు. చౌల్దారీ నుంచి కొబ్బరికాయల బుట్టలతో వచ్చిన ఒక ఆవిడ పడబోయి నిలదొక్కుకుంది. జెట్టీ అంచు నాకు కొంచెం అలుక్కుపోయినట్టు కనపడింది. ఎండ నీళ్ళ మీద పడితే ఎవరికైనా అంతే.

"రివర్సు లేటుగా ఏసినట్టున్నాను బావా" అన్నాడు నెహెమ్యా బావ. సూపర్వైజరు అడిగితే కూడా అదే చెప్పాడు.

వేశాడేమో మరి. నాకేం తెలుసు.

జనవరి 10

మెడికల్. డెబ్బై ఏడు! డాక్టరు బాబు నన్ను గుర్తుపట్టలేదు. "షాబాష్" అన్నాడు. చుక్కాని నాదే.

బావకి కూడా ఇవాళే మెడికల్. పొద్దున్న బోటులో వస్తూ నస పెట్టాడు. "బరువు తగ్గితే సాలదు బావా. లోపల రక్తం, మూత్రం శుద్ధిగా ఉండాల. నా రిపోర్టు సూడు, నీ రిపోర్టు సూడు. ఆకాశం, భూమి అన్నట్టు ఉంటాది." నిన్న రాత్రి నేను తిన్న పద్నాలుగు కజ్జికాయలు పొట్టలోంచి విన్నాయి.

కాంపౌండరు పోలిరాజు చెరొక సీసా ఇచ్చి, మైదా బంకతో పేరు చీటీలు అంటించాడు. నింపి తెచ్చి బల్ల మీద పక్కపక్కనే పెట్టాం. బావని ఛాతీ కొలతకి లోపలికి పిలిచారు. పోలిరాజు టీకి వెళ్ళాడు. బంక ఇంకా తడిగానే ఉంది.

రెండు చీటీలు అటూ ఇటూ చేయడానికి ఎంతసేపు పడుతుంది? రిపోర్టు వచ్చాక బావ తనది చూసుకుని, "సూసినావా శుద్ధి?" అంటాడు. అప్పుడు చెప్తాను: ఆ శుద్ధి నాది బావా, నా కజ్జికాయలది. చర్చి పిక్నిక్‌లో అందరి ముందూ చెప్తాను. ఆ ముఖం ఊహించుకుంటూ తిరుగు బోటులో ఒక్కడినే నవ్వుతుంటే, "ఏటి బావా?" అన్నాడు. "పాసయ్యాను కదా" అన్నాను.

జనవరి 11

నవ్వు ఆగడం లేదు.

జనవరి 12

పిక్నిక్‌లో ఎలా మొదలుపెట్టాలో అనుకుంటున్నాను. ముందు బావని శుద్ధి గురించి రెండు ముక్కలు మాట్లాడమనాలి. ఆ తర్వాత నేను లేవాలి.

జనవరి 13

రిపోర్టులు వచ్చాయి.

జీవరాజు: ఫిట్.
నెహెమ్యా: షుగరు. నాలుగు ప్లస్సులు. ఇంజను మీద నుంచి దించేశారు. మాత్రలు రాశారు. నెల తర్వాత మళ్ళీ రమ్మన్నారు.

జనవరి 14

పోలిరాజు పొరపాటు చేసి ఉంటాడు. టీలకి తిరిగే మనిషి.

లేకపోతే బావకి నిజంగానే ఉందేమో. సన్నగా ఉండేవాళ్ళకి కూడా వస్తుందట. రెండు సీసాలూ ఆయనవే అయ్యాయా ఏమిటి, అని రాసి, కొట్టేశాను. అర్థం లేకుండా ఉంది.

డాక్టరు బాబు బావకి మాత్రలు ఇస్తున్నప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను. "చెమటలు పట్టి కళ్ళు తిరిగితే మాత్ర ఎక్కువైనట్టు. తురంత్ చీనీ ఖావ్" అన్నాడు. వెంటనే పంచదార తినమని. బావ వింటున్నట్టు లేడు. చేతిలో కాగితం కేసి చూస్తున్నాడు. "నాను పొద్దున్నే నడుస్తానండి" అన్నాడు డాక్టరుతో. రెండుసార్లు అన్నాడు.

జనవరి 15

తేల్చుకోవాలనుకున్నాను. నడకలో బావ మామూలుగా ఒంటేలుకి ఆగే పొదల దగ్గర ఆగాడు. నేను పది అడుగుల అవతల ఆగాను. కొండ మీద ఏదో మరిచిపోయానని చెప్పి గంట తర్వాత ఒక్కడినే వెళ్ళి చూశాను.

బావ పొద దగ్గర ఏమీ లేదు. నా దగ్గర చీమలు. వరసలు కట్టి, ఎక్కడెక్కడి నుంచో వస్తున్నాయి.

వాటి మీద ఇసుక పోశాను. కాసేపటికి ఇసుక మీదకి కూడా వచ్చాయి.

జనవరి 16

చెప్తే: చీటీలు మార్చినందుకు ఒక శిక్ష, షుగరుకి ఒకటి. బోటు దిగిపోవాలి. టికెట్ కిటికీ.

చెప్పకపోతే: నెల తర్వాత బావకి మళ్ళీ పరీక్ష ఉంది. అందులో ఏమీ ఉండదు. ఇంజను మీదకి వచ్చేస్తాడు. ఎవరికీ నష్టం లేదు. నెల రోజులు పంచదార మానేస్తే మనిషికి మంచిదే. ఆయనే ఎన్నోసార్లు చెప్పాడు.

ఇది బాగుంది. నెల ఎంతలో అయిపోతుంది.

నేను కూడా పంచదార మానేస్తాను.

జనవరి 17

టీలో మానేశాను. లడ్డూలు రెండు.

జనవరి 19, ఆదివారం

చర్చిలో బావ కోసం ప్రార్థన. పాస్టరుగారు నన్నే చేయమన్నారు, దగ్గరివాణ్ణి కదా. లేచి నిలబడ్డాను. "ప్రభువా, మా బావ..." అన్నాను. అక్కడితో ఆపి కూర్చున్నాను. ఆడవాళ్ళు ఏడ్చారు. లీదియా చెల్లెమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. జీవరాజులో ఇంత మెత్తదనం ఉందని తెలీదని బయట అందరూ నా భుజం తట్టారు.

బావ నాలుగు రోజుల నుంచి అన్నం మానేశాడట. డాక్టరు తగ్గించమంటే, క్రమశిక్షణగల మనిషి కాబట్టి మొత్తానికే మానేశాడు. మాత్రలు మాత్రం టయానికి వేసుకుంటున్నాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది.

జనవరి 21

ఇవాళ జరిగింది రాయాలి.

పొద్దున్న తొమ్మిది గంటల బోటు. డ్యూటీ లేకపోయినా బావ జెట్టీకి వచ్చాడు. ఇంజను చప్పుడు దూరం నుంచైనా వినాలని వస్తున్నాడట. వెంట లీదియా, కృపావతి ఉన్నారు. నేను బోటు కట్టి దిగుతున్నాను. బావ నా వైపు రెండడుగులు వేసి, స్తంభం పట్టుకుని, జారి కూర్చున్నాడు. ముఖమంతా చెమట. మాట ముద్దగా వస్తోంది.

"షుగరెక్కిపోనాది!" అని లీదియా గోల పెట్టింది.

"పంచదార!" అని అరిచాను. "ఎవరి దగ్గరైనా మిఠాయి ఉందా? జల్దీ!"

జనం నన్ను చూసిన చూపు చెప్పలేను. టికెట్ కిటికీలో ఉండే సత్యారావు, "ఓ సరంగు భయ్యా, మనిషి పోతా ఉంటే నీకు మజాకా?" అన్నాడు. ఎవరో నా కాలరు పట్టుకున్నారు. నా జేబులో కొబ్బరి లడ్డూ ఉంది. ఎందుకుందో దేవుడికి తెలుసు. కాలరు విడిపించుకుని, బావ మీద పడి, దవడలు నొక్కి నోట్లో కుక్కాను. లీదియా నా వీపు మీద రెండు చేతులతోనూ గుద్దింది. "సంపేస్తన్నాడు! మా ఆయన్ని సంపేస్తన్నాడు!" సత్యారావు నా జుట్టు పట్టి లాగాడు. నేను వదల్లేదు. బావ నమిలాడు. మింగాడు. టీ కొట్టులో దొరికిన పంచదార నీళ్ళు తాగించాను.

పది నిమిషాలకి బావ కళ్ళు తెరిచి, "బావా, అడ్డంగా నా మీద ఎందుకు కూకున్నావు?" అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు.

అక్కడే చెప్పేశాను. ఇంక పట్టలేకపోయాను. "బావా, నీకు జబ్బు లేదు. ఆ సీసా నాది. చీటీలు నేనే మార్చాను."

సత్యారావు నవ్వాడు. ఒకడు మొదలుపెడితే అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని, "నా బాధ సూడలేక నీ మీద ఏసుకుంటన్నావు. ఇంత ప్రేమ ఎక్కడ దాసుకున్నావు బావా?" అని ఏడ్చాడు. నన్ను గుద్దిన లీదియా నా కాళ్ళకి దండం పెట్టబోయింది.

ఇరవై ఏళ్ళుగా నేను ఎన్ని అబద్ధాలు చెప్పినా నమ్మిన మనుషులు వీళ్ళు.

ఇంటికి వస్తుంటే దారిలో కృపావతి అంది: "నాను నమ్మినాను."

ఆగిపోయాను.

"దొడ్లో సీమలు నాకూ కనిపించినాయి. కుండెడు నీళ్ళు ఎవులు తాగుతున్నారో నాకు తెల్దా? అన్నయ్య రిపోర్టు వచ్చిన కాడినుంచి సూస్తన్నాను, మీరు సెప్తారని."

"అడగొచ్చు కదా."

"అడిగితే మీరు నవ్విస్తారు" అంది. "రేపు ఆసుపత్రికి ఎల్దాం. అన్నయ్యని కూడా తీసుకెల్దాం. అందరి ముందరా సూపించండి."

జనవరి 22

పోలిరాజు నమ్మలేదు. "భయ్యా, ఇది ఏం కొత్త నాటకం?" అన్నాడు. తలుపు తెరిచి ఉంచి, తనే కాపలా నిలబడితే తప్ప సీసా ఇవ్వనన్నాడు. అలాగే అన్నాను. నలభై ఏడేళ్ళ మగవాణ్ణి, వెనక కాంపౌండరు, వరండాలో పెళ్ళాం, బావ. చాలాసేపు రాలేదు. జీవితంలో మొదటిసారి నాకు సిగ్గేసింది.

పోలిరాజు నీలం మందు గాజు గొట్టంలో పోసి, పైన నాది పది చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద పట్టాడు. మేమంతా చుట్టూ మూగాం. నీలం కాసేపు నీలంగానే ఉంది. ఆ కాస్తలో, దేవుడు క్షమించాలి, అది నీలంగానే ఉండిపోవాలని గట్టిగా కోరుకున్నాను. ఆకుపచ్చ అయింది. పసుపు. తర్వాత ఇటుక రంగు: నిండా షుగరు, నాలుగు ప్లస్సులు.

బావది కూడా చేశారు. నీలంగా మొదలై నీలంగానే నిలిచింది. అన్నట్టుగానే శుద్ధి.

డాక్టరు బాబు మందులు రాస్తూ అడిగాడు: "వజన్ కిత్నా ఘటా?"

"తొమ్మిది కిలోలు తగ్గాను" అన్నాను. అలవాటు కొద్దీ గర్వంగానే వచ్చింది.

"వైద్యం పనిచేస్తే మళ్ళీ పెరుగుతావు. పెరగాలి" అన్నాడు. నన్ను బోటు మీద నుంచి దించేస్తూ కాగితం రాశాడు. చీటీల సంగతి ఆఫీసుకి వేరే రాస్తానన్నాడు.

బావ ఇంకా గొట్టం కేసే చూస్తున్నాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"ఎన్నాళ్ళు నవ్వుకున్నావు బావా?" అని అడిగాడు.

"మూడు రోజులు. రిపోర్టు వచ్చేదాకా."

"మరి నాలుగో రోజు నుంచి నాకు మాత్రలు ఎందుకు మింగనిచ్చావు?"

బావ చొక్కా సర్దుకుని, కృపావతితో "పదమ్మా" అని, జెట్టీ వైపు నడిచాడు. నన్ను పిలవలేదు. నేను తర్వాతి బోటుకి టికెట్ కొనుక్కుని వచ్చాను.

జనవరి 23

టికెట్ కిటికీలో మొదటి రోజు. మళ్ళీ డ్యూటీ ఎక్కిన బావ ఇంజను చప్పుడు వినపడుతోంది. సన్నగా, క్రమంగా, ఆయన నడకలాగే. కిటికీ ముందు నుంచి వెళ్ళాడు, తల తిప్పలేదు.

ఆయన అడిగిందానికి జవాబు ఇక్కడైనా రాద్దామని మధ్యాహ్నం నుంచి డైరీ ముందు పెట్టుకున్నాను. ముందు ఒక తమాషా జవాబు వచ్చింది. కొట్టేశాను. రెండోది ఇంకా బాగా వచ్చింది. అదీ కొట్టేశాను.

చుక్కాని వదలడం ఇష్టం లేక, బావా. నీ ప్రాణం కంటే అదే ఎక్కువైంది, ఎనిమిది రోజులు.

ఇంతే. రేపు ఈ ముక్క నోటితో చెప్పాలి. చెప్పేటప్పుడు నవ్వకూడదు.